గేమ్‌బాయ్ నాలుగు ఛానళ్లతో హుషారైన చిప్‌ట్యూన్ కట్టడం ఎలా

చిప్‌ట్యూన్ (పాత గేమ్ మెషీన్ల చిప్‌లతో కట్టే పాట) నేర్చుకోవాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఇదే: "నాలుగే ఛానళ్లు కదా, ఇంత తక్కువలో పాట నిండుగా ఎలా వినిపిస్తుంది?" నిండుదనం సంగతి పక్కన పెట్టండి, ముందు ఊపు తెచ్చుకోండి అంటాను. ఒక ఛానల్ కాసేపు డ్రమ్ముగా మోగి, కన్ను మూసి తెరిచేలోగా బేస్‌గా మారి, మళ్లీ డ్రమ్ము అయిపోతుంటే చెవికి ఊపిరాడదు. కాళ్లు వాటంతట అవే కదులుతాయి. పాత గేమ్ మెషీన్ల సంగీతంలో ఉండే ఆ పరుగంతా ఇక్కణ్నుంచే వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం ఒకే ఛానల్‌తో రెండు పనులు చేయించడం గురించే ఉంటుంది.

ఉదాహరణకు చేత్తో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్ మొదటి గేమ్‌బాయ్‌నే తీసుకుంటున్నాను. ఇది 1989లో వచ్చింది. ఇందులో శబ్దం కోసం వేరే చిప్ లేదు, ప్రాసెసర్ ఉన్న చిప్‌లోనే ఆ భాగం కూడా ఉంటుంది. రెండు పల్స్ ఛానళ్లు, ఒక వేవ్ ఛానల్, ఒక నాయిస్ ఛానల్, అంతే. ఒక్కో ఛానల్ ఒకసారికి ఒకే నోటు పలుకుతుంది.

పల్స్ అంటే చదరపు తరంగం. దాని వెడల్పును 12.5, 25, 50, 75 శాతాల్లో ఏదో ఒకటిగా పెట్టుకోవచ్చు. 75కీ 25కీ చెవికి తేడా తెలియదు కాబట్టి చేతిలో ఉన్నవి మూడు రంగులే అనుకోండి. 12.5 సన్నగా ముక్కుతో పలికినట్టుంటుంది, 25 పదునుగా ఉంటుంది, 50 గుండ్రంగా, బోలుగా ఉంటుంది. వేవ్ ఛానల్‌లో తరంగం ఆకారాన్ని మనమే గీసుకోవచ్చు: 32 మెట్లు, ఒక్కో మెట్టుకు 0 నుంచి 15 దాకా ఎత్తు. నాయిస్‌కు రెండు మోడ్‌లున్నాయి. ఒకటి "ష్" మనే మామూలు హోరు, రెండోది రేకు డబ్బా మీద కొట్టినట్టుండే లోహపు శబ్దం.

దేనితో మొదలుపెట్టాలి

అసలు మెషీన్ లేదని ఆగిపోకండి. కంప్యూటర్‌లో ఫర్నేస్ అనే ట్రాకర్ వేసుకోండి. అది ఉచితం, ఓపెన్ సోర్స్. గేమ్‌బాయ్, ఫామికామ్, కమడోర్ 64 లాంటి పాత మెషీన్ల చిప్‌లు చాలావరకు అందులో ఉన్నాయి. కొత్త ఫైల్ తెరిచి గేమ్‌బాయ్ ఎంచుకుంటే నాలుగు ఛానళ్లు నాలుగు నిలువు గళ్లుగా కనిపిస్తాయి. ట్రాకర్‌లో పాట పై నుంచి కిందికి, కిరాణా పద్దు రాసినట్టు నడుస్తుంది: ఒక్కో వరుసలో ఒక నోటు, దాని వాయిద్యం, వాల్యూమ్, పక్కన ఒక ఎఫెక్ట్ కోడ్.

అసలు గేమ్‌బాయ్ మీదే చేయాలనుకుంటే కార్ట్రిడ్జ్‌లో వేసుకుని నడిపే ఎల్‌ఎస్‌డీజే అనే ట్రాకర్ ఉంది. దాన్ని యోహాన్ కోట్లిన్‌స్కీ 2000లో తెచ్చారు. అంతకన్నా ముందే, 1998లో, ఒలివర్ విట్‌షో నానోలూప్ మొదలుపెట్టారు. రెండూ మంచివే. నానోలూప్ తడుముకుంటూ, ఆడుకుంటూ చేసేవాళ్లకు నప్పుతుంది. ఎల్‌ఎస్‌డీజే లెక్క ప్రకారం కట్టేవాళ్లకు సరిపోతుంది. నా సలహా మాత్రం ముందు కంప్యూటర్‌లో నేర్చుకోమనే. పెద్ద తెర మీద నాలుగు ఛానళ్లూ పక్కపక్కన కనిపిస్తే ఎవరు ఎప్పుడు మోగుతున్నారో, ఎవరు ఎప్పుడు ఖాళీగా ఉన్నారో ఇట్టే తెలిసిపోతుంది. గేమ్‌బాయ్ చిన్న తెర మీద ఒకసారికి ఒక ఛానల్ ఫ్రేజే కనిపిస్తుంది. ఆ మెషీన్‌ను చేత్తో పట్టుకుని వాయించడంలో ఉన్న ఆనందం వేరు, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అది రెండో అడుగు.

వేగం: ముందు టిక్కుల లెక్క

పాత మెషీన్లలో సంగీతం తెరతో పాటే నడిచేది. తెర ఒక్కసారి మారినప్పుడల్లా సంగీతం ఒక అడుగు ముందుకు వేస్తుంది. ఆ అడుగునే టిక్ అంటారు. సెకనుకు దాదాపు 60 టిక్కులు. ట్రాకర్‌లో "స్పీడ్ 6" అంటే ఒక్కో వరుస 6 టిక్కుల పాటు ఉంటుందని. అంటే సెకనుకు దాదాపు 10 వరుసలు. నాలుగు వరుసలు ఒక బీట్ అనుకుంటే వేగం నిమిషానికి 150 బీట్లు. ఇదే 50 హెర్ట్జ్ టీవీలున్న దేశాల మెషీన్లలో అయితే అదే స్పీడ్ 6కు 125 బీట్లు వస్తాయి. అమీగా అనే పాత కంప్యూటర్ ట్రాకర్లలో 125 అనే అంకె ఎందుకు అంతగా కనిపిస్తుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

హుషారైన పాటకు 150 చక్కటి వేగం. స్పీడ్ 5 పెడితే 180 అవుతుంది, అది పరుగు. స్పీడ్ 7 పెడితే సుమారు 128, అది డాన్స్ ఫ్లోర్ వేగం. కొత్తవాళ్లు 6 దగ్గరే ఉండమంటాను. దానికి ఇంకో కారణం ఆర్పెజియో (నోట్లను ఒకదాని వెంట ఒకటి వేగంగా తిప్పడం) దగ్గర చెప్తాను.

కాస్త తూగు కావాలంటే గ్రూవ్ వాడండి. ఒక వరుసకు 7 టిక్కులు, తర్వాతి దానికి 5. రెండూ కలిపితే 12 కాబట్టి వేగం మారదు, నడక మాత్రం మారుతుంది.

ఇక్కణ్నుంచి చెప్పేదంతా స్పీడ్ 6లో, 16 వరుసల బార్‌కు, అంటే నాలుగు బీట్ల ముక్కకు. వరుసల లెక్క 0 నుంచి 15 దాకా. ఏ, సి, ఈ, ఎఫ్, జి అన్నవి నోట్ల ఇంగ్లిష్ పేర్లు (A, C, E, F, G). పాట ఏ మైనర్‌లో ఉంటుంది, తీగలు (కలిసి మోగే నోట్ల గుంపులు, కార్డ్స్) ఎఫ్, జి, ఏ మైనర్, మళ్లీ ఏ మైనర్, బార్‌కు ఒకటి. మెట్టు మెట్టుగా పైకెక్కి ఆగే ఈ వరస గేమ్ సంగీతానికి భలే కుదురుతుంది.

వేవ్ ఛానల్: కిక్కూ బేసూ ఒకే చోట

పాటకు అసలు ప్రాణం ఇక్కడే ఉంది. తొందరపడకుండా ఈ ఒక్క ఛానల్ మీద ఒక సాయంత్రమంతా గడపండి.

బేస్‌ను ఇక్కడే ఎందుకు పెట్టాలంటే, పల్స్ ఛానళ్లు 64 హెర్ట్జ్ కంటే కిందికి దిగలేవు. వేవ్ ఛానల్ 32 దాకా దిగుతుంది. కిక్‌ను (పెద్ద డ్రమ్ము దెబ్బను) కూడా ఇక్కడే ఎందుకు పెట్టాలంటే, పాట వేగంగా పోతున్నప్పుడు కిక్కూ బేసూ ఒకే క్షణంలో మోగాల్సిన అవసరమే ఉండదు. ఒకటి ఆగాక ఒకటి మోగితే చాలు.

ముందు రెండు తరంగాలు గీసుకోండి. మొదటిది త్రిభుజం: 0 నుంచి 15 దాకా మెట్లు ఎక్కి, మళ్లీ 0 దాకా దిగాలి. ఇది కిక్‌కు. రెండోది రంపం పళ్ల ఆకారం: 15 నుంచి 0 దాకా, ఒక్కో ఎత్తు రెండేసి మెట్లు ఉండేలా వాలుగా దిగాలి. ఇది బేస్‌కు. త్రిభుజం మెత్తగా ఉంటుంది, చిన్న స్పీకర్లలో దాని కింది నోట్లు మాయమవుతాయి. రంపంలో పై హార్మోనిక్స్ ఎక్కువ కాబట్టి ఫోన్ స్పీకర్‌లో కూడా బేస్ ఎక్కడుందో తెలుస్తుంది.

ఇప్పుడు కిక్. వాయిద్యంలో ఆర్పెజియో మాక్రో తెరవండి. ఒక్కో టిక్‌కు అసలు నోటు కన్నా ఎన్ని అర్ధస్వరాలు పైన ఉండాలో అక్కడ రాస్తారు. నేను వాడే వరస ఇది: 36, 24, 16, 10, 5, 2, ఆ తర్వాత అన్నీ 0. ఈ వాయిద్యాన్ని 55 హెర్ట్జ్ దగ్గరుండే ఏ (A) నోటు మీద మోగిస్తే మొదటి టిక్‌లో 440 హెర్ట్జ్, రెండో టిక్‌లో 220, తర్వాత 139, 98, 73, 62, చివరికి 55. మొత్తం దిగుడు పదో వంతు సెకనులో అయిపోతుంది. చెవికి ఇవేవీ నోట్లుగా వినిపించవు, "డుమ్" అని ఒక్క దెబ్బ వినిపిస్తుంది. ఇందులో మొదటి రెండు టిక్కులే ఆ దెబ్బకు మొన. కిక్ మెత్తగా ఉందనిపిస్తే మొదటి అంకెను 40కి పెంచండి. గిటకలాడుతున్నట్టుంటే, అంటే దిగుడు విడిగా వినపడుతుంటే, రెండో అంకెను 20కి తగ్గించండి. మిగతావాటిని ముట్టుకోనక్కర్లేదు.

వాల్యూమ్ విషయంలో వేవ్ ఛానల్‌కు నాలుగే స్థాయిలు: పూర్తి, సగం, పావు, సున్నా. కిక్‌కు రెండు వరుసలు, అంటే 12 టిక్కుల చోటుంది. మొదటి 7 టిక్కులు పూర్తి, తర్వాత రెండు సగం, ఒకటి పావు, చివరి రెండు సున్నా. ఆ చివరి రెండు టిక్కుల నిశ్శబ్దాన్ని దయచేసి తీసేయకండి. అది 33 మిల్లీసెకన్లే, కానీ దాని తర్వాత వచ్చే బేస్ ఎగిరి దూకినట్టు వినిపిస్తుంది. స్టూడియోల్లో కిక్ మోగినప్పుడల్లా బేస్‌ను అణచడానికి కంప్రెసర్ పెట్టి తెచ్చుకునే ఊగుడు ఇక్కడ ఊరికే వస్తుంది. ఛానల్ ఒక్కటే కాబట్టి కిక్ వచ్చినప్పుడు బేస్ పక్కకు తప్పుకోక తప్పదు.

వరుసల మీద అమరిక ఇలా. కిక్ 0, 4, 8, 12 వరుసల్లో. బేస్ 2, 3, 6, 7, 10, 11, 14, 15 వరుసల్లో. ఏ మైనర్ బార్‌లో 2వ వరుసకు కింది ఏ, 3కు దాని పై ఆక్టేవ్ ఏ. 6కు కింది ఏ, 7కు పై ఏ. 10, 11 రెండింటికీ కింది ఏ. 14కు పై ఏ. 15వ వరుస మాత్రం తర్వాతి బార్‌కు వంతెన. వచ్చే బార్ ఎఫ్ అయితే అక్కడ ఈ (E) పెట్టండి. వచ్చేది ఏ అయితే జి షార్ప్ పెట్టండి. రెండు చోట్లా గమ్యానికి అర్ధస్వరం దూరమే కాబట్టి బార్ గీత దాటేటప్పుడు తోసినట్టుంటుంది. ఎఫ్, జి బార్లకు ఇదే నమూనాను ఆ స్వరాలకు మార్చుకోండి.

ఇంతవరకు చేసి, మిగతా మూడు ఛానళ్లు మ్యూట్ చేసి లూప్‌లో వినండి. ఈ ఒక్క ఛానల్‌తోనే తల ఊగకపోతే ముందుకు వెళ్లకండి. పైన ఎంత గొప్ప ట్యూన్ పెట్టినా కింద నడక సరిగ్గా లేకపోతే అది నిలబడదు.

అసలు గేమ్‌బాయ్‌లో తరంగం మారిన చోట చిన్నగా "టిక్" మనే చప్పుడు వస్తుంది. కిక్ నుంచి బేస్‌కు మారేటప్పుడు అది వినిపిస్తుంది. నాకు అది ఇష్టం. కిక్‌కు కాస్త అంచు ఇస్తుంది. శుభ్రంగా కావాలనుకునేవాళ్లు రెండింటికీ రంపం తరంగమే వాడుకోవచ్చు.

నాయిస్

నాయిస్‌కు ఎన్వలప్ (నోటు మోగుతుండగా వాల్యూమ్ మారే తీరు) ఒక్కటి అర్థమైతే చాలు. మెషీన్‌లోని ఎన్వలప్ వాల్యూమ్‌ను సెకనుకు 64 మెట్ల వేగంతో దించగలదు. 15 నుంచి మొదలుపెట్టి అత్యంత వేగంగా దించితే దాదాపు పావు సెకను, అది స్నేర్ (చిన్న డ్రమ్ము దెబ్బ). 5 నుంచి మొదలుపెడితే సుమారు 80 మిల్లీసెకన్లు, అది హైహ్యాట్ (తాళాల చప్పుడు), ఒక వరుసలోపే అయిపోతుంది. స్నేర్‌కు నాయిస్ పిచ్‌ను మొదటి రెండు టిక్కులు కింద ఉంచి తర్వాత పైకి లేపండి, "ధష్" అని పలుకుతుంది.

స్నేర్ 4, 12 వరుసల్లో. హైహ్యాట్ 2, 6, 10, 14 వరుసల్లో వాల్యూమ్ 5తో. మిగిలిన వరుసల్లో కూడా హైహ్యాట్ పెట్టొచ్చు కానీ వాల్యూమ్ 2 దాటనివ్వకండి. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే అది కుట్టు మిషన్ చప్పుడే అవుతుంది. లోహపు మోడ్‌ను నాలుగో బార్ చివరి వరుసలో ఒక్కసారి వాడండి. ఎక్కువసార్లు వాడితే దాని మెరుపు పోతుంది.

ఆర్పెజియో: ఒక ఛానల్‌లో తీగ

రెండో పల్స్ ఛానల్‌ను తీగలకు ఇద్దాం. ఒకసారికి ఒకే నోటు పలికే ఛానల్‌లో మూడు నోట్ల తీగ రావాలంటే మూడింటినీ టిక్‌కు ఒకటి చొప్పున తిప్పాలి. ఫర్నేస్‌లో దీనికి కోడ్ 00. ఏ (A) నోటు పక్కన 0037 అని రాస్తే ఏ, దానికి 3 అర్ధస్వరాల పైన సి, 7 పైన ఈ తిరుగుతాయి, అది మైనర్ తీగ. ఎఫ్, జిల పక్కన 0047, అది మేజర్. ఎల్‌ఎస్‌డీజేలో ఇదే పనికి సి కమాండ్ ఉంది, అంకెలు అవే.

మూడు నోట్లకు మూడు టిక్కులు, అంటే సెకనుకు 20 చుట్లు. స్పీడ్ 6లో ఒక్కో వరుసకు సరిగ్గా రెండు చుట్లు పడతాయి. ఏ వరుసలో మొదలైనా చుట్టు కింది నోటు నుంచే మొదలవుతుంది కాబట్టి తీగ స్థిరంగా, గట్టిగా వినిపిస్తుంది. స్పీడ్ 5లో ఆ పొందిక ఉండదు. చుట్టు మధ్యలో వరుస మారిపోతుంది, తీగ కాస్త గరగరలాడుతుంది. 6 దగ్గరే ఉండమన్నది అందుకే. నాలుగు నోట్ల తీగలకు కూడా ఇదే ఇబ్బంది.

తీగను బార్ అంతా సాగదీస్తే మాత్రం పాట నీరసపడుతుంది. దాన్ని తాళంలా వాడండి. 0, 3, 6, 8, 11, 14 వరుసల్లో కొట్టండి. మధ్య దూరాలు 3, 3, 2, మళ్లీ 3, 3, 2. కింద కిక్ నాలుగేసి వరుసలకు ఒకసారి నిలకడగా పడుతుంటే, పైన తీగ మూడేసి లెక్కతో జారి, బార్ సగంలో వచ్చి కలుస్తుంది. ఆ జారుడూ కలుపూ వల్లే వినేవాడు కుదురుగా కూర్చోలేడు. ఒక్కో కొట్టుడుకు వాల్యూమ్ 10 నుంచి అత్యంత వేగంగా దిగే ఎన్వలప్ పెట్టండి. అప్పుడు తీగ ఒకటిన్నర వరుసలో ఆగిపోయి, తర్వాతి దెబ్బకు ముందు తన ఖాళీ తాను చేసుకుంటుంది. వెడల్పు 25 శాతం, లేదా లీడ్ (మొదటి పల్స్ ఛానల్‌లో వచ్చే అసలు ట్యూన్) 25లో ఉంటే 12.5.

లీడ్

ట్యూన్‌ను ముందు గొంతుతో పాడుకోండి. కంప్యూటర్ ముందు కూర్చుని వేళ్లతో వెతికిన ట్యూన్‌కూ, నడుస్తూ కూనిరాగంగా తీసిన ట్యూన్‌కూ తేడా నాకు వెంటనే తెలుస్తుంది. రెండోదానికి ఊపిరి తీసుకునే చోట్లు ఉంటాయి. ఆ చోట్లు మనకు చాలా అవసరం, ఎందుకో చూడండి.

లీడ్‌కు లోతు కావాలంటే ప్రతిధ్వని కావాలి. దానికి విడిగా ఛానల్ లేదు. కాబట్టి లీడ్ ఊపిరి తీసుకునే చోటనే దాని ప్రతిధ్వని పెడతాం. ఉదాహరణకు 0వ వరుసలో ఏ (A) నోటు వాల్యూమ్ 12తో మొదలై రెండు వరుసలు మోగింది. 2వ వరుసలో ఆపేయండి. 3వ వరుసలో అదే ఏ నోటును వాల్యూమ్ 4తో మళ్లీ మోగించండి. 4వ వరుసలో కొత్త నోటు సి వచ్చేస్తుంది. అంత వేగంలో చెవి 3వ వరుసను కొత్త నోటుగా లెక్కపెట్టదు, గోడకు తగిలి తిరిగొచ్చిన ఏ గానే వింటుంది. ట్యూన్‌లో ఎక్కడ ఒక వరుస దొరికినా ఇలా అంతకుముందు నోటును మెల్లగా అతికించండి. లీడ్ ఒక్కసారిగా పెద్ద హాల్లో మోగుతున్నట్టు మారిపోతుంది. ఈ చిట్కా ఎన్నిసార్లు వాడినా నాకు సంబరమే.

నోటు మొదలుకు పదును కావాలంటే వెడల్పు మాక్రోలో మొదటి టిక్ 50 శాతం, తర్వాత అంతా 25 పెట్టండి. ఒక్క టిక్ మార్పే, కానీ మీటినట్టుంటుంది. గమకాల కోసం కోడ్ 03 ఉంది, ముందు నోటు నుంచి కొత్త నోటుకు జారుతుంది. కంపితం కోసం 04. దాన్ని నోటు మొదట్లోనే పెట్టకండి. పొడవైన నోటు రెండు వరుసలు నిటారుగా నిలబడ్డాక అప్పుడు వణకనివ్వండి.

లీడ్‌ను ఆర్పెజియో కన్నా ఒక ఆక్టేవ్ పైన ఉంచండి, కానీ మరీ పైకి పోకండి. గేమ్‌బాయ్ ఫ్రీక్వెన్సీని 131072ను ఒక పూర్ణాంకంతో భాగించి తెచ్చుకుంటుంది. కింది నోట్లకు ఆ అంకె పెద్దది కాబట్టి శ్రుతి బాగానే కుదురుతుంది. పైకి పోయేకొద్దీ అంకె చిన్నదై మెట్లు దూరమవుతాయి. 2093 హెర్ట్జ్ ఉండాల్సిన పై సి దగ్గర మెషీన్ ఇవ్వగలిగేది 2080 లేదా 2114 మాత్రమే. అక్కడ కంపితం పెడితే మెట్ల మీద గెంతినట్టు వినిపిస్తుంది. పై నోట్లను ఒక మెరుపులా తాకి వచ్చేయండి, అక్కడ కూర్చోకండి.

పాటగా పేర్చడం

నాలుగు బార్ల చుట్టు 6.4 సెకన్లు. పదహారు బార్లంటే 25 సెకన్ల పైచిలుకు. అంటే ఒకటిన్నర నిమిషాల పాటలో దాదాపు 56 బార్లు. మొదట నాలుగు బార్లు తీగలూ హైహ్యాట్లూ, తర్వాత కిక్కూ బేసూ దిగుతాయి, ఎనిమిదో బార్ దాటాక లీడ్. పల్లవి లాంటి భాగం వచ్చినప్పుడు లీడ్ వెడల్పును 25 నుంచి 50కి మార్చండి, వాయిద్యం మారినట్టే ఉంటుంది. పల్లవి ముందు బార్ చివరి నాలుగు వరుసల్లో నాలుగు ఛానళ్లూ ఆపేయండి. పూర్తిగా. నాయిస్ తోక కూడా మిగలకూడదు. చివరి పల్లవిని రెండు అర్ధస్వరాలు పైకి ఎత్తడం పాత ఉపాయమే, అయినా ప్రతిసారీ పనిచేస్తుంది.

గేమ్‌బాయ్‌లో ఒక ఛానల్‌ను ఎడమకో, కుడికో, రెండింటికో (అంటే మధ్యలో) పంపగలం, కొంచెం ఎడమకో కొంచెం కుడికో జరపడానికి లేదు. కిక్, బేస్, స్నేర్, లీడ్ మధ్యలోనే ఉంచండి. ఆర్పెజియో దెబ్బలను ఒకటి ఎడమ, ఒకటి కుడి పంపండి. అవి ఏ చెవిలో వచ్చినా పాట నిలబడుతుంది.

ఫామికామ్ మీద చేయాలనుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: అక్కడ బేస్ పలికే త్రిభుజం ఛానల్‌కు వాల్యూమ్ మార్పే లేదు, మోగడం లేదా ఆగడం. పైన చెప్పిన కిక్ అక్కడా వస్తుంది, సగం, పావు స్థాయిలు మానేసి నేరుగా ఆపేయాలి. కమడోర్ 64 సిడ్ చిప్‌లో మూడే ఛానళ్లు, కానీ నిజమైన ఫిల్టర్ ఉంది, ఏ ఛానల్ ఏ తరంగమైనా పలకగలదు. స్నేర్‌నూ బేస్‌నూ కూడా ఒకే ఛానల్‌లో తిప్పాల్సి వస్తుంది. గేమ్‌బాయ్ మీద చేయి తిరిగాక అక్కడికి వెళ్లండి.

అసలు మెషీన్ నుంచి రికార్డింగ్

హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌లోకి కేబుల్ వేస్తే చాలు. అడాప్టర్ కన్నా బ్యాటరీలే వాడండి, హమ్ తగ్గుతుంది. మొదటి గేమ్‌బాయ్‌కు నాలుగు ఏఏ సెల్స్ పడతాయి, రికార్డింగ్‌కు కొత్తవి వేయండి. వాల్యూమ్ చక్రాన్ని చివరిదాకా తిప్పకుండా మూడొంతుల దగ్గర ఆపి, మిగతా బలం ఇంటర్‌ఫేస్‌లో పెంచుకోండి. ఇంకా శుభ్రంగా కావాలనుకునేవాళ్లు వాల్యూమ్ చక్రానికి ముందే సిగ్నల్ తీసేలా రెండు వైర్లూ ఒక గ్రౌండూ సోల్డర్ చేయించుకుంటారు, దాన్ని ప్రోసౌండ్ అంటారు. సోల్డరింగ్ చేతనైనవాళ్లు చేస్తేనే మంచిది, పాత బోర్డులు మళ్లీ దొరకవు.

కార్ట్రిడ్జ్‌లోని సేవ్ చాలావాటిలో చిన్న బ్యాటరీ మీద ఆధారపడి ఉంటుంది. అది అయిపోయిన రోజు పాటలన్నీ పోతాయి. పని చేసిన ప్రతి రోజూ సేవ్ ఫైల్‌ను కంప్యూటర్‌లోకి తీసి పెట్టుకోండి.

టెంపో గురించి ఒక జాగ్రత్త. అసలు గేమ్‌బాయ్ తెర సెకనుకు 60 కాదు, సుమారు 59.7 సార్లు మారుతుంది. తెరతో పాటు నడిచే ప్లేయర్‌లో స్పీడ్ 6 అంటే నిజానికి 149.3 బీట్లు. కంప్యూటర్‌లో దానిమీద గొంతో, గిటారో కలపాలనుకుంటే అక్కడ ప్రాజెక్ట్ టెంపోను 150 అని కాకుండా 149.3 అని పెట్టండి, లేకపోతే నిమిషం తిరిగేసరికి రెండూ విడిపోతాయి.

మిక్సింగ్‌లో చేతులు కట్టుకుని కూర్చోవడమే మంచిది. 30 హెర్ట్జ్ కింద కోసేయండి, 10 వేల హెర్ట్జ్ పైన కాస్త మెత్తబరచండి, పల్స్ తరంగాల గరుకు చెవికి తగ్గుతుంది. లిమిటర్‌తో గట్టిగా నొక్కకండి. కిక్ తర్వాత మనం కష్టపడి పెట్టిన ఆ 33 మిల్లీసెకన్ల ఖాళీని అది పూడ్చేస్తుంది.

ఆఖరున ఫోన్ స్పీకర్‌లో, ఆ తర్వాత హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఫోన్‌లో బేస్ వినిపించకపోతే వాల్యూమ్ పెంచకుండా తరంగాన్ని మార్చండి, రంపం వాలులో మధ్యలో ఒకటి రెండు మెట్లు పైకి లేపితే గొంతు పైకి వస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో ఆర్పెజియో చెవులు పీకేస్తుంటే దాని మొదటి వాల్యూమ్‌ను 10 నుంచి 8కి దించండి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు చివర ఫేడ్ అవుట్ పెట్టకండి. చివరి బార్ 0వ వరుసలో కిక్, ఒక ఏ మైనర్ తీగ, ఒక స్నేర్ కలిపి కొట్టి అక్కడే ఆపేయండి.